పదిహేడేళ్లకే డాక్టరు సీటు: బీఎస్‌/ఎండీ ఎంపికలో బడి బయటి పనులకు ఎందుకంత బరువు?

సంక్షిప్తంగా: అమెరికాలో హైస్కూల్ పూర్తవుతూనే డిగ్రీ సీటుతో పాటు మెడికల్ సీటును కూడా ఖాయం చేసే కోర్సులను బీఎస్‌/ఎండీ కోర్సులంటారు. వీటికి దరఖాస్తు చేసే దాదాపు అందరి మార్కులూ పైస్థాయిలోనే ఉంటాయి కాబట్టి ఎంపిక చాలావరకు పాఠ్యేతర కార్యక్రమాల మీద నడుస్తుంది. అయితే ఆ కార్యక్రమాలకు అన్నిచోట్లా ఒకే విలువ ఉండదు. ఆ కోర్సును కాలేజీ ఏ ఉద్దేశంతో పెట్టిందన్నది, మైనరుకు చట్టం ఏ మేరకు అనుమతిస్తుందన్నది వాటి విలువను తేలుస్తాయి.

అమెరికాలో పన్నెండో తరగతి మొదలయ్యే రోజుల్లో, ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్న చాలా తెలుగు ఇళ్లలో ఒక ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. అందులో కాలేజీల పేర్లు, గడువు తేదీలు, వాటి పక్కనే గంటల లెక్క ఉంటాయి: ఆసుపత్రిలో ఇన్ని, ల్యాబులో ఇన్ని, గుడిలో ఇన్ని. ఎన్ని గంటలైతే సరిపోతాయన్నది తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న. కాలేజీలు సాధారణంగా దీనికి అంకె చెప్పవు. ఎందుకు చెప్పవో తెలియాలంటే ముందు ఈ కోర్సులు ఎలా పుట్టాయో, మామూలు దారిలో ఉండి వీటిలో లేనిదేమిటో చూడాలి.

ఇంటర్ తర్వాత వైద్యం, డిగ్రీ తర్వాత వైద్యం

భారతదేశంలో ఇంటర్ బైపీసీ చదివినవారు నీట్ రాసి నేరుగా ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్‌లో చేరతారు. 720 మార్కుల పరీక్షలో వచ్చిన ర్యాంకే సీటును తేలుస్తుంది. 2024లో 23 లక్షలకు పైగా విద్యార్థులు ఆ పరీక్ష రాశారు. వారిలో ఎవరు వృద్ధాశ్రమంలో సేవ చేశారో, ఎవరు వీణ వాయిస్తారో అడిగినవారు లేరు. అమెరికాలో వైద్యం డిగ్రీ తర్వాతి చదువు. జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 1893లో తెరుచుకున్నప్పుడే డిగ్రీ ఉన్నవారిని మాత్రమే చేర్చుకుంటామంది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఇచ్చిన నివేదిక నాసిరకం వైద్య కళాశాలల గుట్టు బయటపెట్టి ఆ పద్ధతికి ఊతమిచ్చింది. ఇప్పుడు మామూలు దారి నాలుగేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల ఎండీ, ఆపైన స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. అమెరికాలో ఎండీ అంటే తొలి వైద్య పట్టా అనీ, మన దగ్గర ఎంబీబీఎస్ తర్వాత చేసే ఎండీ కాదనీ ఇక్కడే చెప్పుకోవాలి. ఇండియా నుంచి ఫోనులో వాకబు చేసే బంధువులు తరచుగా తికమకపడేది ఈ విషయంలోనే.

ఈ పొడవాటి దారిని కుదించడానికో, మధ్యలోని అనిశ్చితిని తగ్గించడానికో కొన్ని విశ్వవిద్యాలయాలు రెండు చదువులనూ కలిపాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 1961లోనే అలాంటి కోర్సు పెట్టింది. దశాబ్దాలు నడిపి ఈ మధ్యే కొత్తవారిని తీసుకోవడం మానేసింది. 1971లో మొదలైన మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సస్ సిటీ వైద్య కళాశాల మొత్తం చదువును ఆరేళ్లకు తెచ్చింది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఉన్నది ఎనిమిదేళ్ల కోర్సు. ఐవీ లీగ్ అనే పేరుమోసిన విశ్వవిద్యాలయాల కూటమిలో ఇలాంటిది అదొక్కటే. అక్కడ ఏళ్లేమీ తగ్గవు, కానీ మెడికల్ ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్ రాయనక్కర్లేదు. కాబట్టి బీఎస్‌/ఎండీ అనగానే "త్వరగా అయిపోయే కోర్సు" అనుకోవడం సరికాదు. కొన్నిచోట్ల కాలం కలిసొస్తుంది, కొన్నిచోట్ల దక్కేది నిశ్చింత మాత్రమే. ఆ నిశ్చింతకైనా షరతులుంటాయి: డిగ్రీలో చెప్పిన జీపీఏ నిలబెట్టుకోవాలి, కొన్ని కోర్సుల్లో ఎంక్యాట్‌లో ఫలానా స్కోరు కూడా తెచ్చుకోవాలి.

మామూలు దారిలో ఉన్న ఆధారాలు, ఇక్కడ లేనివి

మామూలు దారిలో మెడికల్ కాలేజీ ముందుకు వచ్చే అభ్యర్థికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్లుంటాయి. అతని గురించి కాలేజీ దగ్గర చాలా సమాచారం ఉంటుంది. 472 నుంచి 528 మధ్య వచ్చే ఎంక్యాట్ స్కోరు, మూడు నాలుగేళ్ల సైన్సు మార్కులు, ప్రొఫెసర్ల లేఖలు, పెద్దవాడయ్యాక రోగుల మధ్య గడిపిన కాలం అన్నీ కలిపి చూస్తారు. అంత చూసినా చాలామందికి సీటు రాదు. 2021–22 ప్రవేశాల్లో 62,443 మంది దరఖాస్తు చేస్తే చేరగలిగినవారు 22,666 మంది, అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ.

బీఎస్‌/ఎండీ అభ్యర్థికి పదిహేడేళ్లు. ఎంక్యాట్ లేదు, కాలేజీ మార్కులు లేవు. ఉన్నవి హైస్కూల్ గ్రేడ్లు, బడిలోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ. ఇవి వచ్చినవారందరికీ దాదాపు ఒకేలా ఉంటాయి. పది మందికి పది మందీ నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నప్పుడు ఆ అంకె ఎవరినీ వేరుచేసి చూపదు. మరోవైపు కాలేజీ తీసుకుంటున్న రిస్కు పెద్దది. నాలుగేళ్ల తర్వాత నిండాల్సిన సీటును ఇవాళే ఒకరి పేరున రాసేస్తోంది. ఆ పిల్లో పిల్లాడో రెండో ఏడాది కంప్యూటర్ సైన్సుకు మారిపోవచ్చు. అమ్మానాన్నల కోరికే తప్ప తన కోరిక కాదని ఇరవై ఏళ్లకు తెలుసుకోవచ్చు. రక్తం, మలమూత్రాలు, ఏడుపులు, అరుపులు ఉండే చోట నిలబడలేకపోవచ్చు.

ఎంపిక సంఘం పాఠ్యేతర కార్యక్రమాల జాబితాను చదివేది ఈ సందేహాలను దగ్గర పెట్టుకునే. డాక్టరు రోజు ఎలా గడుస్తుందో ఈ విద్యార్థి కళ్లతో చూశాడా, ఎవరూ మెచ్చుకోకపోయినా ఒక పనిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నాడా, బలహీనులైన మనుషుల దగ్గర ఇతన్ని నమ్మి వదలవచ్చా అని చూస్తుంది. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2023లో సవరించిన ప్రీమెడ్ (వైద్య కళాశాలలో చేరాలనుకునేవారి) అర్హతల జాబితాలో 17 అంశాలున్నాయి. సేవా దృష్టి, నైతిక బాధ్యత, బృందంలో పనిచేయడం, నమ్మదగినతనం, తట్టుకుని నిలబడటం వంటివి వాటిలో సైన్సు పరిజ్ఞానంతో సమానంగా కనిపిస్తాయి. వీటిలో ఏదీ గంటల్లో తేలేది కాదు. నాలుగు వందల గంటలు రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకున్నవారూ ఉంటారు, ఎనభై గంటల్లోనే ఒక వార్డు నాడి పట్టుకున్నవారూ ఉంటారు.

ఒకే వైద్య కళాశాల, మూడు దారులు

కార్యక్రమాల విలువ చోటును బట్టి ఎలా మారుతుందో న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆల్బనీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల మూడు ఊళ్లలోని మూడు విద్యాసంస్థలతో కలిసి మూడు ఉమ్మడి కోర్సులను తీర్చిదిద్దింది. చివరికి మూడింటి విద్యార్థులూ చేరేది ఒకే తరగతి గదికి. కానీ ముగ్గురినీ ఎంచుకునే కొలతలు వేరు.

వాటిలో ఒకటైన సియానాతో కలిసి 1986లో మొదలుపెట్టిన కోర్సు మానవీయ శాస్త్రాలకు, నీతిశాస్త్రానికి, సమాజసేవకు పెద్దపీట వేస్తుంది. చదువులో భాగంగా ఒక వేసవిని సేవలో గడపాలి. ట్రాయ్ పట్టణంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌తో ఉన్నది ఏడేళ్ల కోర్సు. పరిశోధన చేసే వైద్యులను తయారుచేయాలన్నది దాని ఉద్దేశం. షెనెక్టడీలోని యూనియన్ కాలేజీతో ఉన్న ఎనిమిదేళ్ల కోర్సు పేరులోనే నాయకత్వం ఉంది. అక్కడి విద్యార్థి ఆరోగ్య నిర్వహణలో మాస్టర్స్ పట్టా లేదా ఎంబీఏ కూడా చేస్తాడు.

ఇప్పుడు ఒకే విద్యార్థిని మూడుచోట్లా నిలబెట్టి చూద్దాం. రెండేళ్లు ఈస్ట్ కణాల మీద ల్యాబులో పనిచేసి రాష్ట్రస్థాయి సైన్స్ ఫెయిర్ దాకా వెళ్లిన అమ్మాయికి ట్రాయ్‌లో చెప్పుకోవడానికి కావలసినంత ఉంది. అదే జాబితాను సియానాలో చదివేవారికి నిరాశ్రయులతోనో వృద్ధులతోనో వికలాంగులతోనో గడిపిన కాలం కనబడకపోతే, ఈమె మా కోర్సుకే ఎందుకు వచ్చిందన్న సందేహం వస్తుంది. ఊరి ఆహార బ్యాంకులో శనివారపు పంపిణీని మూడేళ్లు నడిపి, వాలంటీర్ల డ్యూటీ పట్టిక తనే తయారుచేసిన అబ్బాయి సియానాకూ యూనియన్‌కూ బాగా సరిపోతాడు. ట్రాయ్‌లో మాత్రం అతన్ని అడిగే మొదటి మాట పరిశోధన గురించే కావచ్చు. ముగ్గురికీ ఒకే వ్యాసాన్ని పేరు మార్చి పంపే దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి.

కొన్నిచోట్ల ఉద్దేశం ఇంకా సూటిగా ఉంటుంది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం 2006లో ప్రారంభించిన కోర్సులో ఏటా 28 సీట్లుంటాయి. గ్రామీణ ప్రాంతాల్లో వైద్యుల కొరత తీర్చడం కోసం పెట్టింది కాబట్టి సొంత రాష్ట్ర విద్యార్థులకే అవి కేటాయిస్తారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో 1973 నుంచి నడుస్తున్న సోఫీ డేవిస్ కోర్సు ఏడేళ్లది; డాక్టర్లు లేని పేటల్లో ప్రాథమిక వైద్యం అందించేవారిని తయారుచేయడం దాని పని. ఇలాంటి చోట అంతర్జాతీయ పతకం కంటే తన పేటలోని క్లినిక్ బయట ఎవరు ఎందుకు బారులు తీరతారో తెలిసి ఉండటమే ఎక్కువ పనికొస్తుంది. దరఖాస్తుకు ముందు ఆ కోర్సు ఎందుకు పుట్టిందో చదవడానికి అరగంట చాలు. ఆ అరగంటను మిగుల్చుకునేవారే ఎక్కువ.

పద్దెనిమిది నిండనివారికి తెరిచి ఉన్న తలుపులు

వైద్యం తెలుసుకోవాలంటారు, ఆసుపత్రిలోకి రానివ్వరు. అమెరికాలో హైస్కూల్ విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. రోగుల సమాచార గోప్యతకు 1996లో చేసిన హిప్పా చట్టం వచ్చాక, డాక్టరు వెంట నడుస్తూ గమనించే షాడోయింగ్‌కు పెద్ద ఆసుపత్రులు చాలావరకు వయోపరిమితి పెట్టాయి. శిక్షణ, టీకాల రికార్డు, క్షయ పరీక్ష, సంతకాలు పూర్తయ్యేసరికే నెలలు గడుస్తాయి. కుటుంబంలో డాక్టరున్న పిల్లలకు ఈ తలుపు సులువుగా తెరుచుకుంటుంది, లేనివారికి అంత సులువుగా తెరుచుకోదు. ఆ తేడా ఎంపిక సంఘాలకు తెలియనిది కాదు. షాడోయింగ్ చూడటమే తప్ప చేయడం కాదు కాబట్టి, రెండు మూడు విభాగాల్లో కొన్ని రోజులు చూసినా దాని ప్రయోజనం నెరవేరుతుంది. అంతకుమించి గంటలు పోగేస్తే అదనంగా తెలిసేది తక్కువ.

వాలంటీరింగ్ సంగతి వేరు. ఆసుపత్రుల్లో టీనేజీ పిల్లలు సాయం చేసే సంప్రదాయానికి అక్కడ ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. 1944లో న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్ హైస్కూల్ అమ్మాయిలు తెలుపు, ఎరుపు చారల గుడ్డతో యూనిఫాం కుట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. చారల మిఠాయిని పోలిన ఆ దుస్తులను బట్టే వారికి క్యాండీ స్ట్రైపర్లన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ పిల్లలకు ఇచ్చే పనులు ఇంచుమించు అవే: డిశ్చార్జి అయినవారిని వీల్‌చైరులో కారు దాకా తీసుకెళ్లడం, దుప్పట్లు అందించడం, ల్యాబుకు నమూనాలు చేర్చడం. చిన్న పనులే కానీ, కాలు విరిగి నొప్పితో ఉన్న మనిషిని గడప కుదుపు తగలకుండా దాటించడంలో ఒక శ్రద్ధ ఉంది. ఇంటర్వ్యూలో దాన్ని వర్ణించగలిగినవాడు ఆ పని చేశాడని తెలిసిపోతుంది.

తెలుగు పిల్లలకు ఇక్కడొక ప్రత్యేక సందర్భం తటస్థపడుతుంది. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఆసుపత్రి పాలైన పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాకపోవచ్చు. భోజనం మెనూలో ఏది శాకాహారమో చదివి చెప్పడం, కాసేపు పక్కన కూర్చుని ఊరి సంగతులు వినడం వాలంటీరు చేయగలిగినవే. శస్త్రచికిత్స అంగీకార పత్రాన్ని అనువదించడం మాత్రం చేయకూడదు. ఆరోగ్య బీమా చట్టంలోని 1557వ సెక్షన్ కింది నిబంధనలు అత్యవసరమైతే తప్ప మైనర్లను దుబాసీలుగా వాడుకోవద్దంటాయి. ఆ గీత ఎక్కడుందో తెలిసి, నర్సును పిలిచి శిక్షణ పొందిన దుబాసీని అడిగిన విద్యార్థి, తనే చకచకా అనువదించేసిన విద్యార్థి కంటే వైద్యవృత్తికి దగ్గరగా ఉన్నాడని చెప్పాలి.

జీతమిచ్చే లేదా లైసెన్సుతో చేసే పనులు మరో మెట్టు. నర్సింగ్ సహాయకుల శిక్షణకు కేంద్ర నిబంధనల ప్రకారం కనీసం 75 గంటలు పడుతుంది. న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు 16 ఏళ్లకే అంబులెన్సు సిబ్బందిగా సర్టిఫికెట్ పొందనిస్తాయి. వృద్ధాశ్రమంలో ఒక షిఫ్టు పనిచేస్తే, మంచం మీదున్న మనిషిని పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలనీ, స్నానం చేయించేటప్పుడు ఆయన మానం కాపాడటం కూడా పనిలో భాగమేననీ తెలుస్తుంది. డాక్టరు కావాలనుకున్నవారిలో కొందరు ఇక్కడే మనసు మార్చుకుంటారు. కాలేజీ వైపు నుంచి చూస్తే అలా ముందే మార్చుకోవడం లాభమే.

గుంటూరులో వేసవి సెలవులు

అక్కడ దొరకని అనుభవం ఇండియాలో దొరుకుతుందన్న ఆలోచన సహజమే. విజయవాడలోనో వరంగల్‌లోనో మేనమామకు నర్సింగ్ హోం ఉంటుంది. వేసవిలో వెళ్లిన పిల్లాడు తెల్లకోటు వేసుకుని ఓపీలో కూర్చుంటాడు. ఆపరేషన్ థియేటర్లో ఫోటో దిగుతాడు. ఇంకొంచెం ముందుకెళ్తే బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం, చివరికి ఒక కుట్టు వేయడం కూడా "నేర్పిస్తారు".

ఈ చివరిది దరఖాస్తులోకి ఎక్కితే మేలు కంటే కీడే ఎక్కువ. శిక్షణ లేని విద్యార్థులు విదేశాల్లో రోగులకు చికిత్స చేయడం గురించి అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. సొంత దేశంలో చేయడానికి అనుమతి లేని పనిని వేరే దేశపు పేద రోగి మీద చేయకూడదన్నది వాటి సారాంశం. "నేను పదహారేళ్లకే కుట్లు వేశాను" అన్న వాక్యం ఇంట్లో గర్వంగా వినిపిస్తుంది; ఎంపిక సంఘంలో దాన్ని చదివే వైద్యుడికి ఆ రోగి అనుమతి ఎవరు తీసుకున్నారన్న ప్రశ్నే ముందు తోస్తుంది. అదే వేసవిలో ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నవారు ఎంత దూరం నుంచి వచ్చారో, ఆరోగ్యశ్రీ కార్డు ఏ ఖర్చును భరిస్తుందో, ఏది రోగి చేతి నుంచి పెట్టుకోవాలో గమనించి, తను పుట్టి పెరిగిన ఊరిలోని బీమా పద్ధతితో పోల్చి రాసినవారి వ్యాసానికి బలం ఉంటుంది. గమనించడానికి స్టెతస్కోపు అక్కర్లేదు.

పరిశోధన

దీని చుట్టూ వ్యాపారం బాగా పెరిగింది. 1942లో మొదలై ఇప్పుడు రెజెనెరాన్ పేరుతో నడుస్తున్న సైన్స్ టాలెంట్ సెర్చ్ అనే హైస్కూల్ విద్యార్థుల పరిశోధన పోటీలో ఏటా 300 మందిని స్కాలర్లుగా, వారిలోంచి 40 మందిని ఫైనలిస్టులుగా ఎంచుతారు. ఆ స్థాయి దేశంలో ఏ కొందరికో అందుతుంది. మిగిలినవారి కోసం ఫీజు తీసుకుని "పరిశోధన" చేయించే వేసవి కోర్సులు, డబ్బు కడితే వ్యాసాన్ని అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. పేరున్న విశ్వవిద్యాలయం ప్రాంగణంలో జరిగినంత మాత్రాన కోర్సు ఆ విశ్వవిద్యాలయపు ఎంపిక అయిపోదు. చాలావాటికి ఆ ప్రాంగణంతో ఉన్న సంబంధం గదుల అద్దె వరకే.

ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు చాలు తేలిపోవడానికి. ప్రయోగంలో కంట్రోల్‌గా, అంటే ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి, ఏది పెట్టుకున్నారు? ఫలితం రాకపోతే ఏం చేశారు? నిజంగా పిపెట్ పట్టుకున్న విద్యార్థి రెండో ప్రశ్నకు ఎక్కువసేపు మాట్లాడతాడు, ఎందుకంటే ల్యాబులో ఎక్కువ రోజులు ఫలితం రాని రోజులే. ఊళ్లోని కాలేజీ ప్రొఫెసరుకు మెయిళ్లు రాసి, పదిమంది బదులివ్వక పదకొండో వ్యక్తి దగ్గర సీసాలు కడుగుతూ మొదలుపెట్టిన ఏడాది అనుభవం, ఆరు వారాల ఖరీదైన సర్టిఫికెట్ కంటే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది.

కూచిపూడి, తెలుగు బడి, స్పెల్లింగ్ పోటీలు

వైద్యంతో సంబంధం లేని పనులను జాబితాలోంచి తీసేయాలా అన్నది తెలుగు తల్లిదండ్రుల్లో తరచుగా వచ్చే సందేహం. తీసేయడం పొరపాటు. పదేళ్లు కూచిపూడి నేర్చుకుని రంగప్రవేశం చేసిన అమ్మాయి, కాలేజీ వెతికే పట్టుదలకు పదేళ్ల రుజువు చూపిస్తోంది. ఆదివారం పొద్దున్న తెలుగు బడిలో ఆరేళ్ల పిల్లలకు గుణింతాలు చెప్పే అబ్బాయి, వినని మనిషికి ఓపికగా వివరించడం నేర్చుకుంటున్నాడు. డాక్టరు రోజూ చేసే పని అదే. 1989లో రత్నం చిట్టూరి స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ స్పెల్లింగ్, గణిత పోటీల్లో చిన్నప్పుడు పాల్గొన్న పిల్లలు పెద్దయ్యాక అక్కడే వాలంటీర్లుగా, శిక్షకులుగా తిరిగి వస్తుంటారు. ఇండియాలోని పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే సంస్థ అది. పోటీదారు నిర్వాహకుడిగా మారిన క్రమం కాగితం మీద కూడా అందంగా కనిపిస్తుంది.

అయితే మన సమాజంలో ఒకే మూస ఏర్పడిపోయింది. సొంతంగా ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టడం, దానికి వెబ్‌సైటు, లోగో, తండ్రి ఆఫీసు మిత్రుల నుంచి విరాళాలు, ఊళ్లో బడికి ల్యాప్‌టాప్‌లు, దండలతో ఫోటో. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒకే హైస్కూల్ నుంచి ఏటా అలాంటి వ్యవస్థాపకులు వరుసగా దరఖాస్తు చేస్తుంటే చదివేవారికి అది అలవాటైపోతుంది. విద్యార్థి కాలేజీకి వెళ్లిన తర్వాత ఆ సంస్థను ఎవరు నడుపుతారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే మొత్తం కట్టడమే తేలికగా కనిపిస్తుంది. అధ్యక్షుడి పేరుతో 2003లో నెలకొల్పిన వాలంటీరు పురస్కారం కూడా గంటల మీదే నడిచింది: 16 నుంచి 25 ఏళ్లవారికి కాంస్యానికి 100, రజతానికి 175, స్వర్ణానికి 250 గంటలు. తెలుగు సంఘాల సభల్లో ఆ పతకాలు మెడలో వేస్తుంటే తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకునే దృశ్యం మామూలుగా ఉండేది. పతకం గంటలను ధ్రువీకరిస్తుంది, ఆ గంటల్లో ఏం జరిగిందో చెప్పదు.

నూట యాభై అక్షరాలు

ఇంతా చేసి, చాలా కాలేజీలకు ఉమ్మడిగా నింపే ఆన్‌లైన్ దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో పది కార్యక్రమాలకే చోటుంది. ఒక్కొక్కదానికి పాత్ర పేరు 50 అక్షరాలు, సంస్థ పేరు 100, వివరణ 150. ఖాళీలు, కామాలతో సహా. పక్కనే వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్న గడులు. గంటలు అక్కడ ఎలాగూ కనిపిస్తాయి కాబట్టి వివరణలో వాటిని మళ్లీ రాయడం ఉన్న చోటును వృథా చేయడమే.

ఒకే పనిని రెండు విధాలుగా రాస్తే తేడా తెలుస్తుంది. "ఆసుపత్రిలో చురుకైన వాలంటీరుగా రోగులకు, సిబ్బందికి సాయం చేసి, కరుణ, నాయకత్వ లక్షణాలు పెంపొందించుకున్నాను." ఈ వాక్యాన్ని ఆసుపత్రి ముఖం చూడనివారు కూడా రాయగలరు. "డిశ్చార్జి రోగులను వీల్‌చైరులో దించడం; ఎముకల వార్డులో నీళ్లు, దుప్పట్లు; కొత్త వాలంటీర్లు ఆరుగురికి వీల్‌చైరు బ్రేకు పద్ధతి నేర్పాను." రెండోదానిలో గొప్పలు చెప్పే విశేషణం ఒక్కటీ లేదు. వార్డు పేరుంది, అంకె ఉంది, బ్రేకు ఉంది. ఆ బ్రేకు దగ్గరే ఇంటర్వ్యూ చేసేవారు ఆగి అడుగుతారు.

ఇంటర్వ్యూ కూడా చాలాచోట్ల మారింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రెండువేల తొలి ఏళ్లలో రూపుదిద్దుకున్న బహుళ చిన్న ఇంటర్వ్యూల పద్ధతిని కొన్ని బీఎస్‌/ఎండీ కోర్సులు వాడుతున్నాయి. గది తలుపుకు ఒక చీటీ అంటించి ఉంటుంది. చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల సుమారు ఎనిమిది నిమిషాలు, గంట మోగగానే పక్క గది. ఒక గదిలో పరీక్షలో కాపీ కొట్టిన స్నేహితుడి సంగతి, ఇంకో గదిలో మందు వేసుకోనని మొండికేసే తాతగారి సంగతి. బట్టీపట్టి వచ్చిన ఉపన్యాసం ఇక్కడ పనికిరాదు. నిజమైన మనుషులతో తగువులు, సర్దుబాట్లు చూసినవారికి ఉదాహరణలు వాటంతటవే వస్తాయి. ఐస్‌క్రీం దుకాణంలో వేసవి ఉద్యోగం చేసినవారు ఈ గదుల్లో ల్యాబు పిల్లల కంటే బాగా మాట్లాడటంలో వింతేమీ లేదు.

వీసా, క్యాలెండరు

తెలుగు కుటుంబాలకు ఇంకో అడ్డంకి కార్యక్రమాలతో నిమిత్తం లేకుండానే ఎదురవుతుంది. చాలా బీఎస్‌/ఎండీ కోర్సులు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. తండ్రి లేదా తల్లి హెచ్‌1బీ మీద ఉండగా హెచ్‌4తో చదువుకుంటున్న పిల్లలు చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగినా ఈ గీతకు అవతలే ఉండిపోతారు; గ్రీన్‌కార్డు వరుస కదలక 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుంది. వారికి జీతం తీసుకునే వీలు లేదు కాబట్టి నర్సింగ్ సహాయకుల ఉద్యోగం, స్టైపెండు ఇచ్చే పరిశోధన కూడా అందవు. మూడేళ్ల వాలంటీరింగ్ పూర్తయ్యాక ఈ సంగతి తెలిసే కంటే, తొమ్మిదో తరగతిలోనే ప్రతి కోర్సు అర్హత నియమాలను చూసుకుని, విదేశీ విద్యార్థులను చేర్చుకునే కొద్దిపాటి చోట్లను గుర్తించడం మేలు.

క్యాలెండరు కూడా కనిపించేదానికంటే ఇరుకు. కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. చాలా బీఎస్‌/ఎండీ గడువులు నవంబరులోనే ముగుస్తాయి. అంటే పన్నెండో తరగతిలో మొదలుపెట్టిన పని లెక్కలోకి రాదు. తొమ్మిది, పది, పదకొండు తరగతులూ, వాటి మధ్య వేసవులూ మాత్రమే చేతిలో ఉన్నవి. ఆసుపత్రుల వయోపరిమితులు, దరఖాస్తు కాగితాల జాప్యం తీసేస్తే, రోగుల దగ్గర గడపడానికి నికరంగా మిగిలేది ఏడాదిన్నర. పది పనుల్లో తలా కొంత చేసే కంటే, మూడు నాలుగు పట్టుకోమని కౌన్సెలర్లు చెప్పడానికి ఈ లెక్కే ఆధారం.

ఎంపిక కానివారి సంఖ్యే ఎప్పుడూ ఎక్కువ. వారిలో అత్యధికులు మామూలు డిగ్రీలో చేరి నాలుగేళ్ల తర్వాత వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తు నింపుతారు. అందులో 15 అనుభవాలు రాయవచ్చు, మూడింటిని అత్యంత ముఖ్యమైనవిగా గుర్తించవచ్చు. హైస్కూల్లోనే ఆగిపోయిన పనులకు అక్కడ సాధారణంగా చోటివ్వరు. కాలేజీలోనూ కొనసాగినవాటినే రాస్తారు. ఎక్సెల్ షీటులోని గంటలు ఆ రోజున దాదాపు సున్నాకు చేరతాయి. మిగిలేవి, పన్నెండో తరగతి అయిపోయాక కూడా ఆ విద్యార్థి శనివారం పొద్దున్న లేచి వెళ్లిన పనులు.